ఇంటర్వెల్ కబుర్లు: శెనగగింజంత విలన్

పోయినవారం టపాలో జమ్మలమడుగు నుంచి ఓ తమ్ముడి వుత్తరం వచ్చింది.

"అన్నా, మన సినిమాల్లో హీరోకు తలనొప్పి వస్తే చాలు, డాక్టరుగారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి 'బ్రెయిన్ ట్యూమర్' అంటాడు. ఆ తర్వాత హీరో ఓ విషాదగీతం పాడి, హీరోయిన్‌కి ఇంకెవరితోనో పెళ్ళిచేసి, ఆఖరి రీల్లో కన్నుమూస్తాడు. నిజంగా ఆ జబ్బు అలానే వుంటుందా? లేక మన రచయితలు కల్పించిందా?"

భలే ప్రశ్న వేశావు తమ్ముడూ! ఒక్క ముక్కలో చెప్పాలంటే జబ్బు నిజం, సినిమా కల్పన. కానీ ఒక్క ముక్కతో వదిలేస్తే ఈ పేజీ ఎందుకు? సంగతి పూర్తిగా వినండి. హీరో పాడే పాటకంటే అసలు కథే ఎక్కువ గుండెను పిండుతుంది.

"ప్రేమాభిషేకం" పేరు వినని సినిమా ప్రియులు మీలో తక్కువే వుంటారు. 1981లో దాసరి నారాయణరావుగారు తీసిన చిత్రం. అందులో అక్కినేనివారి పాత్రకు క్యాన్సర్ అని తెలుస్తుంది. తనను ప్రేమించిన అమ్మాయి తనకోసం బతుకు పాడుచేసుకోకూడదని, ఆమె అసహ్యించుకునేలా చెడ్డవాడిగా నటిస్తాడు. బాగుంది. అయితే మెదడు అడుగున లేచే కొన్ని గడ్డల విషయంలో ఈ కథ తిరగబడుతుంది. సినిమాలో జబ్బును దాచడానికి మంచివాడు చెడ్డవాడిలా నటిస్తాడు. జీవితంలో ఆ గడ్డే మంచివాణ్ణి చెడ్డవాడిలా, సోమరిలా, పిచ్చివాడిలా లోకానికి చూపిస్తుంది. తను మారిపోయానన్న సంగతి చాలాసార్లు ఆ మనిషికే తెలియదు!

ఆ గడ్డ ఎక్కడ లేస్తుందో చూద్దాం రండి.

ముక్కు దూలం వెనక, రెండు కళ్ళకూ నడిమధ్య లోపలికి పోతే, మెదడు అడుగున ఒక చిన్న ఎముక గుంట వుంటుంది. గుర్రం జీను ఆకారంలో వుంటుందని వైద్యులు దానికి 'టర్కీ జీను' అని పేరుపెట్టారు. ఆ జీను మీద కూర్చున్న రౌతే పీయూష గ్రంథి. డాక్టర్లు పిట్యూటరీ అంటారు. సైజు ఎంతనుకున్నారు? మా రాజుపాలెం నల్లరేగడిలో పండే శెనగగింజంత. బరువు అర గ్రాము. కానీ దాని అధికారం చూడండి. థైరాయిడ్ ఎంత పనిచెయ్యాలి, అడ్రినల్ గ్రంథులు ఎంత కార్టిసాల్ వదలాలి, పిల్లలు ఎంత ఎత్తు పెరగాలి, ఆడవాళ్ళకు నెలసరి ఎప్పుడు రావాలి... ఆర్డర్లన్నీ ఇక్కణ్ణుంచే వెళతాయి.

ఇంత హోదా వున్నా ఇది హీరో మాత్రమే. హీరోను ఆడించే డైరెక్టరు పైన కూర్చుని వున్నాడు. ఆయన పేరు హైపోథాలమస్. ఆకలి, దాహం, నిద్ర, ఒంటి వేడి, కోపం... అన్నిటికీ "స్టార్ట్", "కట్" చెప్పేది ఆయనే. ఆ పక్కనే రెండు కళ్ళనుంచి వచ్చే నరాలు కలుసుకునే జంక్షను. కాస్త వెనగ్గా జ్ఞాపకాలు నడిచే దారులు. ఇంతమంది ముఖ్యులు ఒకే ఇరుకు గదిలో సర్దుకుని కూర్చున్నారన్నమాట. ఆ గదిలోకి పిలవని అతిథి ఒకడు వచ్చి కూర్చుంటే?

గ్రంథిలోనే లేచే గడ్డను పిట్యూటరీ అడినోమా అంటారు. గ్రంథికి కాస్త పైన, దాని కాడ పక్కన లేచేది ఒకటుంది. పేరు క్రేనియోఫారింజియోమా. నోరు తిరగకపోయినా ఫర్వాలేదు! ఇది చిన్నపిల్లల్లోనూ వస్తుంది, యాభై దాటినవాళ్ళలోనూ వస్తుంది. ఈ రెండు రకాలూ దాదాపుగా క్యాన్సర్లు కావు. ఒళ్ళంతా పాకవు. అయినా కూర్చున్న చోటు చెడ్డది కాబట్టి నెమ్మదిగా పెరుగుతూనే కొంప ముంచుతాయి.

మరి వీటికీ మనసుకూ సంబంధమేమిటి అంటారా? మూడు దారులున్నాయి.

మొదటిది హార్మోన్ల దారి. కొన్ని గడ్డలు కార్టిసాల్‌ను అతిగా పుట్టించే ఆర్డర్లు వేస్తాయి. ముఖం గుండ్రంగా వుబ్బుతుంది, పొట్ట మీద ఎర్రటి చారలు వస్తాయి, కాళ్ళూ చేతులూ సన్నబడతాయి. దాంతోబాటు దిగులు, చిరాకు, నిద్ర లేకపోవడం. ఈ రోగుల్లో సగానికి పైగా మందిలో డిప్రెషన్ కనిపిస్తుంది. కొద్దిమందికి లేనిపోని అనుమానాలు, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించడం కూడా వుంటుంది. దీనికి భిన్నంగా గడ్డ గ్రంథిని నలిపేస్తే హార్మోన్లు తగ్గిపోతాయి. అప్పుడు మనిషి మందకొడిగా, ఏ సరదా లేకుండా, గోడకు ఆనించిన బొమ్మలా తయారవుతాడు.

రెండోది ఒత్తిడి దారి. గడ్డ పైకి పెరిగి డైరెక్టరుగారి కుర్చీనే నెట్టేస్తే ఆకలి ఆగదు, పగలు నిద్ర, రాత్రి జాగారం, అకారణంగా మీదపడే కోపం. జ్ఞాపకాల దారి నలిగితే పొద్దున తిన్న సంగతి సాయంత్రానికి వుండదు. మెదడులో నీరు దిగే మార్గం మూసుకుపోతే తలనొప్పి, వాంతులు, అయోమయం.

మూడోది వైద్యం దారి. ఆపరేషనులో ఆ సున్నితమైన చోటు కదిలినా, తర్వాత వాడే హార్మోను మాత్రలు ఎక్కువ తక్కువలైనా మనసు మీద దెబ్బ పడుతుంది. ప్రొలాక్టిన్ అనే హార్మోను ఎక్కువగా చేసే గడ్డల్ని చాలామందిలో ఆపరేషను లేకుండానే మాత్రలతో కరిగిస్తారు. అద్భుతమైన మందులే. కానీ కొద్దిమందిలో అవి జూదం మీదా, ఖర్చుల మీదా, కోరికల మీదా అదుపు తప్పిస్తాయి. ఎన్నడూ పేకముక్క ముట్టనివాడు రాత్రికి రాత్రి బెట్టింగుల్లో పడితే ఇంట్లోవాళ్ళు తిట్టడంతో ఆగకూడదు. తనే మాత్ర మానేస్తే అదీ ప్రమాదమే. మందు రాసిన డాక్టరు చెవిన వెయ్యాలి.

ఇదంతా నిన్నమొన్న కనిపెట్టిందేం కాదు. మెదడు ఆపరేషన్లలో ఘనుడైన అమెరికా సర్జన్ హార్వీ కుషింగ్ 1912లోనే పీయూష గ్రంథి జబ్బుల మీద ఒక పుస్తకం రాశాడు. ఆ మరుసటేడు, 1913లో, ఇలాంటి గ్రంథుల జబ్బుల్లో మనసుకు వచ్చే చిక్కుల మీద ప్రత్యేకంగా వ్యాసం రాశాడు. ఇందాక చెప్పిన గుండ్రటి ముఖం జబ్బుకు ఆయన పేరే వుంది.

ఇక సినిమావాళ్ళ సంగతికి వద్దాం. ఈ గ్రంథి గడ్డ పెరుగుదల హార్మోనును అతిగా వదిలితే ఎముకలు పెరుగుతూనే వుంటాయి. దవడ, ముక్కు, చేతులు, పాదాలు పెద్దవైపోతాయి. రోండో హాటన్ అనే ఆయన ఫ్లోరిడాలో పత్రికా విలేకరి. ఈ జబ్బుతో ముఖం మారిపోయింది. ఆ ముఖాన్ని చూసి హాలీవుడ్ ఆయన్ను తెరమీద రాక్షసుణ్ణి చేసింది! 1944లో వచ్చిన షెర్లాక్ హోమ్స్ చిత్రం "ది పెర్ల్ ఆఫ్ డెత్"లో హంతకుడి వేషం. అక్కణ్ణుంచి అవే వేషాలు. పాపం, 1946లో కన్నుమూశాడు. రోగిని విలన్ అనుకోవడం అంటే ఇదే కదా. మన దేశం మల్లయోధుడు 'గ్రేట్ ఖలీ' మీకు బాగా తెలుసు. ఆయన పీయూష గ్రంథి గడ్డకు 2012లో అమెరికాలో ఆపరేషను జరిగింది.

మరొక కథ వినండి. ఇది పీయూష గ్రంథి దగ్గరి గడ్డ కాదు, మెదడులో కుడివైపు కణత భాగానిది. అయినా పాఠం ఒకటే. జార్జ్ గెర్ష్విన్ అమెరికాలో గొప్ప సంగీత దర్శకుడు. 1937లో హాలీవుడ్‌లో సినిమాలకు పాటలు కడుతున్నాడు. వున్నట్టుండి కాలిన రబ్బరు వాసన వస్తోందనేవాడు. తలనొప్పి అనేవాడు. ప్రవర్తన వింతగా మారింది. జూన్‌లో ఆసుపత్రిలో పరీక్షలు చేసి ఇది 'హిస్టీరియా' కావచ్చని ఇంటికి పంపేశారు. జూలై 9న స్పృహ తప్పి పడిపోయాడు. అప్పుడుగానీ గడ్డ అని తేలలేదు. ఆపరేషను చేశారు. జూలై 11న చనిపోయాడు. వయసు 38 ఏళ్ళు. ఆ రోజుల్లో ఇప్పటిలా స్కానులు లేవు. ఇప్పుడున్నాయి. అయినా "అదంతా నాటకం" అనే మాట మాత్రం మన ఇళ్ళలో ఇంకా పోలేదు.

మన ఇళ్ళలో అంటే మా ఇంట్లో కూడా అనే అర్థం. మాది రాజుపాలెం. ప్రొద్దుటూరుకు దగ్గర. మా చిన్నాయన సినిమా పిచ్చోడు. సింహాద్రిపురం నుంచి మదరాసు పోయి ఆంధ్రదేశాన్ని నవ్వించిన పద్మనాభం అంటే ఆయనకు ప్రాణం. పద్మనాభం గొంతు పట్టి మాట్లాడితే కళ్ళంలో శెనగలు నూర్చే కూలీలు పని ఆపి నవ్వేవాళ్ళు. నన్ను మొదటిసారి ప్రొద్దుటూరు తీసుకపోయి ఫస్ట్ షో చూపించింది ఆయనే.

ఆయనకు 52 ఏళ్ళు వచ్చినాక మనిషి మారినాడు. ముందు మాట తగ్గింది. తర్వాత పగలు పడక. బిందెడు నీళ్ళు తాగేవాడు, రాత్రిళ్ళు పదిసార్లు లేచేవాడు. అన్నం తిన్న గంటకే మళ్ళీ కంచం ముందు కూర్చునేవాడు. మా చిన్నమ్మ "ఇప్పుడే కదా తింటివి" అంటే కంచం విసిరేశాడు. పెళ్ళైనప్పట్నుంచీ ఆమెను పల్లెత్తు మాట అనని మనిషి! ఆ వెంటనే చంటిపిల్లోడి మాదిరి ఏడ్చేవాడు. మోటారు సైకిలు మీద పోతూ గోడలకు, నిలబెట్టిన బండ్లకు పక్కలు రాసుకునేవాడు. వూరు వూరకుంటుందా? "తాగుడు నేర్చినాడప్పా" అన్నారు కొందరు. "యాడో ఇంకో సంసారం పెట్టినాడు" అన్నారు ఇంకొందరు. "గాలి సోకింది" అని మా జేజి.

జేజి ఆయన్ను వెల్లాల సంజీవరాయస్వామి గుడికి తీసుకపోయి నిద్ర చేయించింది. మా మండలంలోనే కుందూ ఒడ్డున వున్న గుడి అది. సంజీవని కోసం పోతున్న ఆంజనేయస్వామి కుందూలో స్నానానికి దిగినాడని, మునులు వుండమంటే "వెళ్ళాల, వెళ్ళాల" అన్నాడని, అందుకే ఆ వూరికి వెల్లాల అని పేరు వచ్చిందని మా పక్క చెప్పుకుంటారు. జేజి మొక్కును నేను తప్పుపట్టను. కానీ ఆ కథలోనే జవాబు వుంది కదా! లక్ష్మణుడు మూర్ఛపోతే హనుమంతుడు పక్కన కూర్చుని తాయెత్తు కట్టలేదు. మందు ఎక్కడుందో తెలుసుకుని అంత దూరమూ పోయినాడు. దారిలో ఆగమన్నా ఆగలేదు.

మా ఇంట్లో సంజీవని జాడ చెప్పింది ఒక కంటి డాక్టరు. బండి గోడలకు రాసుకుంటున్నాడని మా చిన్నమ్మే పట్టుబట్టి ప్రొద్దుటూరులో కళ్ళు చూపించింది. ఆ డాక్టరు అద్దాలు రాసిచ్చి పంపలేదు. ఎదురుగా కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి, పక్కలనుంచి వేలు ఆడిస్తూ "కనపడుతోందా?" అని అడిగాడు. ఎదురుగా అంతా కనిపిస్తోంది. కుడి కంటికి కుడి పక్కా, ఎడమ కంటికి ఎడమ పక్కా చీకటి. పందెం గుర్రానికి కళ్ళ పక్కన గంతలు కట్టినట్టు! రెండు కళ్ళ నరాలు కలిసే జంక్షను నలిగితేనే అలా అవుతుంది. వెంటనే స్కాను తీయించమన్నాడు. క్రేనియోఫారింజియోమా.

పెద్దాసుపత్రిలో ముక్కులోంచి పరికరాలు పోనిచ్చి గడ్డ తీశారు. తల కోయలేదు. పక్కచూపు చాలావరకు తిరిగి వచ్చింది. సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడాలి. పడలేదు. ఇంటికొచ్చిన మనిషి ఆరునెలలు గోడవైపు తిరిగి పడుకున్నాడు. "గడ్డ తీసేసినారు కదా, ఇంగా ఏంది ఈయప్ప యవ్వారం?" అని వూరు మళ్ళీ మొదలెట్టింది. ఆ మాట గడ్డకంటే ఎక్కువ గుచ్చింది మా చిన్నమ్మను.

ఇక్కడే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు కాస్త ఆగి వినాలి. ఈ గడ్డ తీసెయ్యడంతో కథ అయిపోదు. హైపోథాలమస్‌కు తగిలిన దెబ్బ కొందరిలో శాశ్వతంగా వుండిపోతుంది. దిగులు, మతిమరుపు, కోపం, తీరని ఆకలి ఏళ్ళతరబడి వుండొచ్చు. అది మొండితనం కాదు. దానికి మానసిక వైద్యుడి సాయం కావాలి, హార్మోన్ల డాక్టరు సాయం కావాలి, ఇంట్లోవాళ్ళ ఓపిక కావాలి. మా చిన్నాయనకు మానసిక వైద్యుడు మాత్రలు మొదలుపెట్టినాక, థైరాయిడ్, స్టెరాయిడ్ మోతాదులు సరిచేసినాక మెల్లగా మంచం దిగాడు. ఆ స్టెరాయిడ్ మాత్ర సొంతంగా ఆపేస్తే ప్రాణానికే ముప్పు. జ్వరం వస్తే మోతాదు పెంచాలి. డాక్టరు రాసిచ్చిన ఆ కాగితం మా చిన్నమ్మ కొంగున ముడేసుకుని తిరుగుతుంది.

ఆయన పూర్తిగా పాత మనిషి కాలేదు. పద్మనాభం డైలాగు సగంలో మరిచిపోతాడు. మా చిన్నమ్మ ఒకరోజు అన్నది: "పోయిన మనిషి వస్తాడని రెండేండ్లు ఎదురుచూస్తి నాయనా. ఈ వచ్చిన మనిషి కూడా నా మొగుడే కదా, ఈయన్నే చూసుకుందామని ఇప్పుడు అనుకుంటాండా." ఏ సినిమా రచయిత రాస్తాడండీ ఈ డైలాగు?

మనసూ మెదడూ వేరు వేరు కాదనే ఎరుకతో మన పొరుగున బెంగుళూరులో 1974లో నిమ్‌హాన్స్ ఏర్పడింది. అక్కడి పాత మానసిక వైద్యశాలనూ, శిక్షణ సంస్థనూ కలిపి కట్టిన సంస్థ అది. ఒకే ఆవరణలో మెదడు ఆపరేషన్లు చేసేవాళ్ళూ, మనసుకు మందిచ్చేవాళ్ళూ వున్నారు. రాయలసీమ నుంచి బస్సెక్కి పోయేవాళ్ళకు ఆ పేరు కొత్త కాదు. కొత్త మందులూ వస్తున్నాయి. పెద్దవాళ్ళలో వచ్చే ఒక రకం క్రేనియోఫారింజియోమాకు మాత్రలతో చేసిన పరీక్ష ఫలితాలు 2023లో వెలువడ్డాయి. 16 మందిలో 15 మందికి గడ్డ బాగా తగ్గింది. చిన్న పరీక్షే, ఆశ మాత్రం పెద్దది.

ఆగండాగండి! ఇది చదివి తలనొప్పి వచ్చిన ప్రతివాడూ స్కానుకు పరుగెత్తకండి. తలనొప్పుల్లో నూటికి ఎక్కువ భాగం గడ్డలు కావు. మానసిక జబ్బుల్లోనూ గడ్డ వల్ల వచ్చేవి బహు తక్కువ. గడ్డ లేని దిగులు కూడా జబ్బే, దానికీ వైద్యం వుంది, అదీ సిగ్గుపడాల్సింది కాదు. అయితే నడివయసులో మనిషి స్వభావం వున్నట్టుండి మారిపోతే, దాంతోబాటు మరొకటేదైనా కనిపిస్తే మాత్రం అశ్రద్ధ వద్దు. పొద్దున్నే తలనొప్పితో వాంతులు, పక్కచూపు పోవడం, చెప్పులూ వుంగరాలూ బిగుతు కావడం, ముఖం గుండ్రంగా వుబ్బడం, నెలసరి ఆగిపోవడం, బిడ్డ లేకుండానే పాలు రావడం, ఆగని దాహం... ఇవి చెప్పుకోడానికి ఇంట్లో ఆడవాళ్ళు సిగ్గుపడతారు. చదువుకున్న మీరే అడగాలి. డాక్టరు దగ్గర "మా నాయనకు కోపం ఎక్కువైంది" అని మాత్రమే చెప్పి వూరుకోకండి. గోడకు రాసుకున్న సంగతి కూడా చెప్పండి. చిక్కుముడి విప్పే దారం అక్కడే వుంటుంది.

మన సినిమావాళ్ళకు కూడా ఓ మాట. "వీణ్ణి ఎర్రగడ్డకు పంపండిరా" అనే జోకుకు ఎన్ని హాళ్ళు ఈలలు వేశాయో లెక్కలేదు. హైదరాబాదు ఎర్రగడ్డలో వున్నది జోకు కాదు, ఆసుపత్రి. ఆ జోకు విన్న హాల్లోనే ఎవరో ఒక అమ్మాయి తన తండ్రిని తలుచుకుని తల దించుకుని వుంటుంది. మనవాళ్ళకు చేతకాదని కాదు. 1960లోనే గుత్తా రామినీడుగారు "చివరకు మిగిలేది" తీశారు. మానసిక వైద్యశాలలో నర్సుగా సావిత్రి నటించిన ఆ చిత్రంలో రోగి నవ్వులాట వస్తువు కాదు, మనిషి.

రేపు మీలోనే ఒకరు కథ రాస్తారు, మరొకరు డైరెక్టరు కుర్చీలో కూర్చుంటారు. అప్పటిదాకా ఆగక్కర్లేదు. మీ వీధిలో "పిచ్చోడు" అని పేరుపడ్డ పెద్దమనిషి ఎవరైనా వుంటే, ఆయన ఇంటివాళ్ళను "కళ్ళు చూపించారా? రక్తపరీక్ష చేయించారా?" అని ఒక్క మాట అడగండి. మీ ఇంట్లోనే ఎవరికైనా మనసు బాగోలేకపోతే, 2022లో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416 వుంది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

జమ్మలమడుగు తమ్ముడూ, ఈ పేజీ చింపి దాచుకో. వచ్చేవారం నీకు ఇష్టమైన ఫైట్ల గురించి రాస్తాను, సరేనా?